బురద చల్లారా... ఆరోపించారా?

పత్రికలోనో, టీవీ ఛానల్‌లోనో సబ్‌ఎడిటర్ ఉద్యోగానికి ప్రయత్నిస్తున్నారా? అయితే అనువాద పరీక్షకు సిద్ధమవ్వాల్సిందే. అందులో ‘మడ్‌స్లింగింగ్’ అనే మాట వచ్చిందనుకోండి, ‘బురద చల్లడం’ అని ఠక్కున రాసేస్తారు. కరెక్టే. అసలు చిక్కంతా మీరు సొంతంగా వార్త రాసేటప్పుడు వస్తుంది.

‘ప్రభుత్వంపై ప్రతిపక్ష నేత బురద చల్లారు’ అని రాశారనుకుందాం. ఆయన చెప్పిందంతా అబద్ధమని మీరే తీర్పు చెప్పేసినట్టు! ఎందుకంటే తెలుగులో బురద చల్లడమంటే ఏ మచ్చా లేనివాడికి మరక అంటించడం. ఆయన మాటలు నిజమో కాదో మీకింకా తెలియదు కదా. కాబట్టి రాయాల్సింది ‘ఆరోపించారు’ అని. అదే, అవతలి నాయకుడు ‘నాపై బురద చల్లుతున్నారు’ అని తనే అంటే ఆ మాటను కొటేషన్లలో పెట్టి, అన్నది ఎవరో చెప్పండి. ఒక్క క్రియ మారితే చాలు, వార్త కాస్తా వ్యాఖ్య అయిపోతుంది. చేయి తిరిగినవాళ్లు కూడా డెడ్‌లైన్ హడావుడిలో ఇక్కడే జారిపడుతుంటారు.

ఇంగ్లిష్‌లో బురద ఉన్న ప్రతిచోటా తెలుగులో ఉండదన్నది ఇంకో సంగతి. ‘క్లియర్ యాజ్ మడ్’ని ‘బురదంత స్పష్టం’ అని దించేస్తే నవ్విపోతారు. అది వెటకారం. ‘ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు’ అంటే సరిపోతుంది. ఒకరి పేరును బురదలో ఈడ్చారని వాళ్లంటే, మనం పరువు బజారుకీడ్చారంటాం. అప్పులకు ఊబి కావాలి. ఇష్టం లేని గొడవలోకి లాగితే ‘ఈ రొంపిలోకి నన్నెందుకు దించారు’ అంటాం. రొంపి అన్నా బురదే. గుడి ఎగిరిపోయి రొంప అయిందా, కోస్తా పాఠకుడికి జలుబు గుర్తొస్తుంది!

మట్టితోనూ జాగ్రత్తగా ఉండాలి. మట్టి కరిపించడమంటే ఓడించడం. నోట్లో మట్టి కొట్టడమంటే బతుకుతెరువు పోగొట్టడం. క్రికెట్ వార్తలో మొదటిదాని బదులు రెండోది పడితే, ఓడిన జట్టు మొత్తం రోడ్డున పడ్డట్టే.

ఇన్ని తిట్లు మోసే బురదకు పొలంలో మాత్రం గౌరవమే. వరి నాట్లకు ముందు మడిలో నీళ్లు పెట్టి, దున్ని, మెత్తటి బురదగా చేస్తారు. దాన్నే దమ్ము చేయడం అంటారు. దమ్ము బాగా కుదిరితే నీరు గబగబా కిందికి ఇంకిపోదు, కలుపు అణుగుతుంది, నారు తేలిగ్గా నాటుకుంటుంది. వ్యవసాయ కథనంలో ‘పడ్లింగ్’ అని కనిపిస్తే ‘నేలను బురదమయం చేయడం’ అని రాయకండి. వరదలొచ్చిన ఊరనుకుంటారు. ‘దమ్ము చేయడం’ అంటే రైతుకు ఇట్టే తెలుస్తుంది. గుండె ధైర్యాన్ని చెప్పే దమ్ము మనకు ఉర్దూ నుంచి వచ్చింది, దీనికీ దానికీ చుట్టరికం లేదు.

ఇలాంటి మాటలు నిఘంటువులో వెతుక్కోవచ్చు. కానీ ఇంట్లో వరి పండించిన తాతయ్యో, మేనమామో ఉంటే ముందు వాళ్లనే అడగండి. నారుమడి దగ్గర మొదలుపెట్టి కుప్ప నూర్చే దాకా ఏ పనిని ఏమంటారో చెప్పమనండి. పక్కన నోట్‌బుక్ ఉంచుకోవడం మరిచిపోకండి.