వారసత్వం వేదిక మీదేనా?

మన సంఘాల పండుగ సంబరాల్లో కూచిపూడి, బతుకమ్మ, పులిహోర తప్పకుండా ఉంటాయి. ఉండాలి కూడా! అయితే సంస్కృతి వేదిక మీద చూసి చప్పట్లు కొట్టడానికేనా? అది కూడు పెట్టదా? కెనడాలో సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుగా పనిచేస్తున్న నాకు ఈ ప్రశ్నకు రెండు చక్కని జవాబులు దొరికాయి. ఒకటి ఇక్కడిది, రెండోది మన నేతన్నలది.

నూనవుట్‌లోని కింగైట్‌ను పూర్వం కేప్ డార్సెట్ అనేవారు. అక్కడి ఇన్యూట్ ప్రజలు రాతిని చెక్కడంలో నేర్పరులు. కళాకారుడు జేమ్స్ హ్యూస్టన్ 1958లో జపాన్ వెళ్ళి, చెక్క అచ్చులతో బొమ్మలు ముద్రించే విద్య నేర్చుకొచ్చారు. చెట్లు లేని ఆ చోట వాళ్ళు తమకు అలవాటైన రాతినే అచ్చుగా మలిచారు. పద్ధతి జపానుది, బొమ్మలూ కథలూ తమవి. 1959లో సొంత సహకార సంఘం ఏర్పడింది. కెనోజువాక్ అషెవాక్ గీసిన గుడ్లగూబ 1970లో కెనడా తపాలా బిళ్ళ మీదికెక్కింది.

ఇక మన సంగతి. పోచంపల్లి తరహా చీర నూలుకు రంగులద్దే ముందు ఆసు పోయాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటలో తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక, బడి చదువు మధ్యలోనే ఆగిన చింతకింది మల్లేశం 1992లో యంత్రం కోసం ప్రయత్నం మొదలుపెట్టారు. 1999కి ‘లక్ష్మీ ఆసు యంత్రం’ సిద్ధమైంది. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

మా వృత్తిలో ఆటోమేషన్ అనగానే ఉద్యోగాలు పోతాయన్న గుబులు. మల్లేశం యంత్రానికి అప్పగించింది మాత్రం నొప్పిని. డిజైను, నేత మనిషి చేతిలోనే ఉన్నాయి. ఏది యంత్రానికివ్వాలో, ఏది ఇవ్వకూడదో ఆ పనిలో పుట్టి పెరిగినవారికే బాగా తెలుస్తుంది. సుస్థిరాభివృద్ధికి మన వారసత్వం ఇచ్చే పెట్టుబడి ఆ తెలివే.

పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అయినా అదే డిజైను అచ్చేసిన చీరలు చవగ్గా దొరుకుతూనే ఉన్నాయి. చట్టం పేరును కాపాడుతుంది. మగ్గాన్ని కాపాడవలసింది కొనేవారే. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు చీర తిప్పి చూడండి. నేసిన ఇక్కత్‌లో రంగు రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అచ్చు వేసినది వెనక వెలవెలబోతుంది. మీ పిల్లలకూ ఆ తేడా చూపించండి. మన సంస్కృతి గురించి వాళ్ళకు చెప్పగలిగే మంచి పాఠాల్లో అదొకటి.