జీపు తలుపు పట్టేసిందా.. సుత్తి ఎత్తేముందు ఆగండి!

అనంతపురం: సాధారణ వర్షపాతమే ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ సక్రమంగా కురవని సంవత్సరాలే అధికం. ఇటువంటి నేలపై ఇనుముకు తుప్పు పట్టడమేమిటన్న సందేహం ఎవరికైనా కలుగుతుంది. సముద్రపు గాలి తగిలే మచిలీపట్నంలోనో, కాకినాడలోనో వాహనాలు తుప్పుపట్టి రాలిపోతున్నాయంటే నమ్మవచ్చు. అయినప్పటికీ కరవు పీఠభూమిలోని టింకరింగ్ షెడ్లకు తలుపులు బిగుసుకుపోయిన పాత జీపులు వస్తూనే ఉంటాయి. వాటిలో కొన్నింటికి తుప్పు చేసిన నష్టం కంటే, ఆ తలుపును ఊడదీసే ప్రయత్నంలో సుత్తి చేసిన నష్టమే ఎక్కువగా ఉంటుంది.

ఇక్కడ తుప్పుకు మూలం వాన కాదు, దుమ్ము. ఎర్రమట్టి బాటలపై ఏళ్ల తరబడి తిరిగిన జీపు తలుపు లోపల, మడతబందుల సందుల్లో, రేకు మడతల్లో సన్నని ధూళి పేరుకుంటుంది. గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే ఇనుము తుప్పుపట్టే వేగం పుంజుకుంటుంది. చలికాలపు తెల్లవారుజామున కురిసే మంచు ఎండ ఎక్కగానే బయటి రేకుపై ఆరిపోతుంది గానీ, దుమ్ము పొరలో చిక్కిన తడి అంత త్వరగా ఆరదు. దానికి తోడు చౌడు నేలల ధూళిలో ఉప్పులు ఉంటాయి. లవణాలు ఎక్కువగా ఉన్న బోరునీటితో బండిని కడిగి అలాగే వదిలేస్తే, ఆరిన చోటల్లా తెల్లని పొర మిగులుతుంది. ఆ ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుని తుప్పుకు మరింత ఊతమిస్తుంది.

తలుపు అడుగు అంచున నీరు జారిపోయేందుకు చిన్న రంధ్రాలు ఉంటాయి. వీటిని పట్టించుకునే యజమానులు అరుదు. మట్టితో అవి పూడుకుపోతే, అద్దం అంచు రబ్బరు గుండా లోపలికి దిగిన నీరు అక్కడే నిలుస్తుంది. ఏడాదిలో నాలుగు వానలు పడినా చాలు, రేకు లోపలి నుంచి కుళ్లడం మొదలవుతుంది. పైన రంగు నిగనిగలాడుతుండగా లోపల జల్లెడగా మారిన తలుపులను చూసి యజమానులు నివ్వెరపోవడం షెడ్లలో మామూలే.

బిగుసుకుపోవడం ఎందుకు?

ఇనుము నీటితోను, గాలిలోని ప్రాణవాయువుతోను కలిసి తుప్పుగా మారినప్పుడు దాని ఘనపరిమాణం పెరుగుతుంది. కరిగిపోయిన ఇనుము ఆక్రమించిన చోటుకు రెండు రెట్లకు పైగా చోటును తుప్పు కోరుతుంది. మడతబందు పిన్నుకూ, దాని చుట్టూ ఉండే గొట్టానికీ నడుమ ఉండేది వెంట్రుకవాసి సందు. తుప్పు ఆ సందును నింపి, ఇక చోటు లేక రెండు వైపులా ఒత్తుతుంది. బోల్టు మరల మధ్య జరిగేదీ ఇదే. అంటే లోహం లోహాన్ని గట్టిగా పట్టుకుని ఉందే తప్ప, రెండూ అతుక్కుని ఏకం కాలేదు. ఈ తేడా తెలిసిన పనివాడు బలప్రయోగానికి దిగడు. ఆ సందులోకి నూనె దూరే దారి వెతుకుతాడు.

ఇంతకూ జీపులకు ఇనుప తలుపులు మొదటి నుంచీ లేవు. 1947లో మహీంద్రా సంస్థ మనదేశంలో విల్లీస్ జీపులను బిగించడం ప్రారంభించిన నాటికి పక్కలకు టార్పాలిన్ పరదాలే దిక్కు. రేకు తలుపులు తర్వాతి నమూనాలతో వచ్చాయి. తెలుగు సినిమాల్లో సుమోలు గాలిలోకి లేస్తున్న కాలంలోనే, సీమ పల్లెల్లో బస్సు ఎరుగని దారులకు జనాన్నీ, వేరుశనగ మూటలనూ చేరవేసింది ఈ జీపులే. ఆటోల రాకతో వాటిలో అనేకం మూలనపడ్డాయి. తిరిగే బండి కంటే నిలిచిపోయిన బండికే తలుపు త్వరగా పట్టేస్తుంది. రోజూ తెరిచి మూసే మడతబందులో తుప్పు ఎప్పటికప్పుడు అరిగి రాలిపోతుంది. కదలని దానిలో పేరుకుంటుంది.

వేలంలో కొన్న వాహనాలతో ఈ చిక్కు మరీ ఎక్కువ. స్వాధీనం చేసుకున్న వాహనాలను పోలీస్‌స్టేషన్ల ఆవరణల్లో దీర్ఘకాలం ఉంచడం వల్ల ప్రయోజనం లేదని, వాటిపై త్వరితగతిన ఉత్తర్వులు ఇవ్వాలని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే స్పష్టం చేసింది. అయినా ఎండకు ఎండి, మంచుకు నాని వేలానికి వచ్చే బండ్లకు కొదవ లేదు. కొన్నవారికి ఇంజిన్ సంగతి తర్వాత, ముందు తలుపు తెరవడమే పరీక్ష అవుతుంది.

తలుపు తెరుచుకోకపోవడాన్ని కేవలం ఇబ్బందిగా భావించడం పొరపాటు. ప్రమాదం జరిగినప్పుడు లోపలివారు బయటపడే దారి అదే. ఒకవైపు తలుపు పనిచేయదని తెలిసీ ప్రయాణికులను ఎక్కించుకుని తిరగడం ప్రాణాలతో చెలగాటమే.

ఎక్కడ మొదలుపెట్టాలి?

తొలుత చూడవలసింది పట్టేసింది గడియా, మడతబందా అన్నది. పిడి కదులుతున్నా తలుపు రాకపోతే లోపం సాధారణంగా గడియ యంత్రంలోనో, దానికి కలిపే కడ్డీలోనో ఉంటుంది. గడియ వదిలిన చప్పుడు వినిపించినా తలుపు కదలకపోతే మడతబందును అనుమానించాలి. పాత జీపుల్లో మడతబందులు బయటికే కనిపిస్తాయి. కాబట్టి గడియ తెరుచుకోకున్నా బోల్టులు విప్పి తలుపును వేరుచేసే వీలుంది. బందులు లోపల దాగి ఉండే వాహనాల్లో ముందు గడియను వదిలించక తప్పదు. కొన్ని నమూనాల్లో పిన్ను అడుగున ఉన్న నట్టు విప్పి తలుపును పైకెత్తితే ఊడివస్తుంది. ఆ సంగతి గమనించకుండా బందును శరీరానికి బిగించిన బోల్టులపై పడటం అనవసర శ్రమ.

తరువాతి పని స్టీల్ బ్రష్‌తో మట్టిని, పొట్టు తుప్పును రాల్చడం. దుమ్ము పైననే నూనె పోస్తే అది బురదై సందును మూసేస్తుంది. శుభ్రం చేశాక తుప్పు వదిలించే పలుచని నూనెను పిన్ను పైభాగం నుంచి, బోల్టు తలల చుట్టూ వేయాలి. డీజిలు కూడా కొంతవరకు పనిచేస్తుంది. చిక్కటి ఇంజిన్ ఆయిల్ సందులోకి దిగదు. వేసిన వెంటనే పానా పట్టడం చాలామంది చేసే తప్పు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి వేస్తూ, నడుమ చిన్న సుత్తితో బోల్టు తలపై తేలికగా తడుతూ రెండు మూడు రోజులు ఓపిక పట్టాలి. ఆ తట్లకు తుప్పు పొర చిట్లి నూనెకు దారి దొరుకుతుంది.

విప్పేటప్పుడు బోల్టును మొదట రవ్వంత బిగించే వైపు తిప్పి, ఆపై వదులు చేయాలి. తిరగడం మొదలయ్యాక ఒక్క ఊపులో లాగేయకూడదు. అరచుట్టు వెనక్కి, పావుచుట్టు ముందుకు తిప్పుతూ, మధ్యలో నూనె వేస్తూ రాబట్టాలి. బోల్టు తలను పూర్తిగా చుట్టి పట్టే ఆరు ముఖాల పానా వాడితే అంచులు అరగవు. స్క్రూలు ఉన్నచోట సుత్తి దెబ్బకు తిరిగే ఇంపాక్ట్ స్క్రూడ్రైవర్ ఉత్తమం.

ఇంతకీ లొంగకపోతే వేడి చేయడమే మార్గం. ఇక్కడే అసలు ప్రమాదం పొంచి ఉంది. విల్లీస్ నమూనా పాత జీపుల్లో ఇంధన ట్యాంకు డ్రైవరు సీటు కిందనే ఉంటుంది. మడతబందుకూ దానికీ దూరం ఎంతో ఉండదు. ట్యాంకు ఖాళీ చేశాం కదా అన్న ధీమా పనికిరాదు. నిండిన ట్యాంకు కంటే పెట్రోలు ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదకరం. ట్యాంకును ఊడదీసి దూరంగా పెట్టి, బ్యాటరీ తీగలు తొలగించి, సీటు దూదిని, రబ్బరును, బట్టను పక్కకు తీశాకే గ్యాస్ మంట వెలిగించాలి. అప్పటికే వేసిన నూనెను కూడా తుడిచేయాలి. నీళ్ల బకెట్‌తో పాటు మంటలార్పే సిలిండరు చేతికందేలా ఉండాలి. ఇంధనం మంటలను నీరు ఆర్పదు. ఈ ఏర్పాట్లు లేనిచోట మంట జోలికి పోకపోవడమే క్షేమం.

వేడి చేయవలసింది బోల్టును కాదు, దాని చుట్టూ ఉన్న లోహాన్ని. చుట్టూ ఉన్నది వ్యాకోచిస్తే పట్టు సడలుతుంది. కాస్త చల్లారాక కొవ్వొత్తి మైనాన్ని మర అంచుకు తాకిస్తే కరిగి లోపలికి జారుతుంది. పాతకాలపు కిటుకే అయినా బాగా పనిచేస్తుంది.

బోల్టు తల తెగిపోతే కంగారుపడనక్కరలేదు. మొండెం నడిబొడ్డున పంచితో గుర్తుపెట్టి, సన్నని డ్రిల్లుతో మొదలుపెట్టి క్రమంగా పెద్దది చేసుకుంటూ పోవాలి. రంధ్రం పక్కకు జారితే మాత్రం శరీరంలోని మర పాడవుతుంది. బందు బిగించే చోట రేకు పలుచన. తుప్పుతో అది మరింత పలుచబడి ఉంటుంది. పారను గడ్డపారలా దూర్చి తలుపును పెకలించే ప్రయత్నం చేస్తే బోల్టు అలాగే ఉండి స్తంభం రేకు చిరుగుతుంది. ఒక పూట పని వారం రోజుల వెల్డింగుగా మారేది అప్పుడే.

చివరి బోల్టు విప్పేముందు తలుపు కింద జాకీ పెట్టి, దానిపై చెక్క, చెక్కపై గోనె వేయాలి. ఇద్దరు మనుషులు తప్పనిసరి. ముందు పైబందును విప్పితే తలుపు బరువంతా కిందిబందుపై పడి అది వంగుతుంది. అందుచేత కిందిది ముందు విప్పి, పైది చివర విప్పడం అనుభవజ్ఞుల పద్ధతి. తలుపు మరీ తెరుచుకోకుండా ఆపే పట్టీని, తీగలు ఉంటే వాటిని ముందే వేరుచేయాలి. బందు చుట్టూ సుద్దతో గీత గీసుకుంటే తిరిగి బిగించేటప్పుడు పాత స్థానం దొరుకుతుంది. బందు కింద పలుచని రేకుముక్కలు కనిపిస్తే పారేయరాదు. తలుపు సరిగా కూర్చోవడానికి కర్మాగారంలో పెట్టినవే అవి.

తలుపు తీసిన జీపును అలాగే రోడ్డెక్కించే కుర్రకారు లేకపోలేదు. చాలా బండ్లలో పక్క అద్దం తలుపుకే బిగించి ఉంటుంది. తలుపుతో పాటు వెనక వచ్చే లారీ కూడా కనిపించకుండా పోతుంది. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ నిషేధిస్తోంది. మరమ్మతు కోసం ఊడదీసిన తలుపును షెడ్డులోనే బిగించుకుని బయటికి రావడం మేలు. బిగించే ముందు బోల్టు మరలకు గ్రీజు పూసి, తలుపు అడుగు రంధ్రాలను సన్నని తీగతో పొడిచి, ఒక చెంబు నీళ్లు లోపల పోసి అవి కిందికి జారుతున్నాయో లేదో చూసుకోవాలి.