ఫోన్ రీసెట్ కొట్టమంది నేనే: ఫోరెన్సిక్ ల్యాబ్ అసలు ఎలా పనిచేస్తుంది?

"అన్నా, బీటెక్ చేసి ఫోరెన్సిక్ ల్యాబ్‌లో జాబ్ కొట్టొచ్చా?" అని చాలా రోజులుగా అడుగుతున్నారు. చెప్తాను. ముందు నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతా. ఆ ల్యాబుల గురించి నేను చదవడం మొదలుపెట్టిందే దానివల్ల.

నేను ఇంకా సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు నా రూమ్మేట్ ఒక లోన్ యాప్‌లో ఇరుక్కున్నాడు. తీసుకున్నదానికంటే ఎక్కువే కట్టాడు, అయినా వాళ్లు ఆగలేదు. వాడి ఫొటో మార్ఫింగ్ చేసి కాంటాక్ట్స్‌లో ఉన్నవాళ్లకి పంపారు. రాత్రి ఒంటిగంటకి వణుకుతూ ఫోన్ నా చేతిలో పెట్టాడు. నేనేదో పెద్ద ఇంజనీర్‌ని కదా, "ఫ్యాక్టరీ రీసెట్ కొట్టు, అయిపోద్ది" అన్నా. కొట్టేశాడు. బ్యాకప్ కూడా లేదు. మర్నాడు సైబర్ క్రైమ్ స్టేషన్‌లో ఎస్సై గారు అడిగిన మొదటి మాట, "ఏవీ, మెసేజ్‌లు చూపించండి."

"ల్యాబ్‌కి పంపితే వచ్చేస్తాయి కదా సార్" అన్నా. రావు. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలో డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. రీసెట్ కొడితే దాన్ని తెరిచే తాళంచెవే పోతుంది. డేటా ముక్కలు మెమరీలో మిగిలినా చదివే దారి ఉండదు. సినిమాలో కీబోర్డ్ టకటకా కొడితే ఫొటోలన్నీ తిరిగొచ్చేస్తాయి చూడండి, అది సినిమాలోనే.

సరే, జాబ్ సంగతి. హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్ దగ్గర రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబ్ ఉంది. రామంతపూర్‌లో ఉన్నది కేంద్ర ల్యాబ్, అది వేరు. తెలంగాణ ల్యాబ్‌లో సైంటిఫిక్ ఆఫీసర్, సైంటిఫిక్ అసిస్టెంట్ లాంటి పోస్టులకి నోటిఫికేషన్ పోలీస్ రిక్రూట్‌మెంట్ బోర్డు నుంచే వచ్చింది. ఖాకీ డ్రెస్ ఉండదు, ల్యాబ్ కోటే. కెమిస్ట్రీ, ఫిజిక్స్, బయాలజీ చదివినవాళ్లకి వేర్వేరు విభాగాలు ఉంటాయి. విషం పరీక్షలు, తుపాకులు, చేతిరాత, డీఎన్‌ఏ, కంప్యూటర్, ఇలా. మన బీటెక్ వాళ్లు చూడాల్సింది కంప్యూటర్ విభాగం. ఏ పోస్టుకి ఏ డిగ్రీ కావాలో నోటిఫికేషన్‌లోనే చూసుకోండి, కోచింగ్ సెంటర్ చెప్పింది నమ్మి ఫీజు కట్టకండి. ఇందులోనే చదువుకోవాలంటే గాంధీనగర్‌లో నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ఉంది.

ఒకటి గుర్తుపెట్టుకోండి. ల్యాబ్‌లో కూర్చునేవాళ్లు, నేరం జరిగిన చోటికి వెళ్లేవాళ్లు ఎప్పుడూ ఒకరే కాదు. న్యూస్‌లో "క్లూస్ టీమ్ రంగంలోకి దిగింది" అంటారు కదా, స్పాట్‌లో ఆధారాలు సేకరించేది వాళ్లు. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం, బీఎన్‌ఎస్‌ఎస్ 176వ సెక్షన్ ప్రకారం, 7 ఏళ్లు లేదా అంతకంటే ఎక్కువ శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు స్పాట్‌కి వెళ్లాలి, వీడియో తీయాలి. అమలు చేసుకోవడానికి రాష్ట్రాలకి 5 ఏళ్ల దాకా టైమ్ ఇచ్చారు. అంటే ఈ పనికి మనుషులు కావాలి.

ఇప్పుడు కిట్లు. నన్ను బాగా కదిలించింది లైంగిక దాడి కేసుల్లో హాస్పిటల్‌లో వాడే కిట్. తెరిస్తే పెద్ద మెషిన్లేం ఉండవు. దూది స్వాబ్‌లు, గాజు స్లైడ్లు, దువ్వెన, రక్తానికి ట్యూబులు, లేబుళ్లు, కాగితం కవర్లు. బట్టలు మార్చుకునేటప్పుడు కింద పరిచే పెద్ద కాగితం కూడా ఉంటుంది, రాలిన వెంట్రుక, నూలుపోగు దానిమీదే పడాలని. ప్లాస్టిక్ కవర్ ఎందుకు కాదంటే, తడి లోపలే ఉండిపోతే బూజు పట్టి డీఎన్‌ఏ పాడవుతుంది. నీడలో ఆరబెట్టి కాగితంలో చుట్టాలి. మన ఇంట్లో అమ్మ తడి బట్ట బీరువాలో పెట్టనివ్వదు, అదే లెక్క.

ఇది జరిగినవాళ్లకి మొదట అనిపించేది స్నానం చేసేయాలని, ఆ బట్టలు ఉతికేయాలని. అది తప్పు కాదు, మనిషికి అలాగే అనిపిస్తుంది. కుదిరితే మాత్రం ఆగాలి. కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాల ప్రకారం ఒంటి మీది నమూనాలు 96 గంటల వరకు తీసుకోవచ్చు. స్నానం చేసేసినా, బట్టలు ఉతికేసినా వెళ్లండి. పరీక్షకి బాధితురాలి అనుమతి తప్పనిసరి. పరీక్ష వద్దన్నా వైద్యం ఆపకూడదు. ప్రైవేటు హాస్పిటల్ అయినా ఉచితంగానే చేయాలి.

కిట్ మీద సీల్ వేస్తారు. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎప్పుడు వెళ్లిందో రాస్తారు. ల్యాబ్‌లో తీసుకునేవాళ్లు ముందు చూసేది ఆ సీలే. అది చెదిరిందంటే కోర్టులో అవతలి లాయర్ మొదట పట్టుకునేది దాన్నే. రిపోర్టు రాసిన సైంటిస్టుని కోర్టు పిలిచి ప్రశ్నలు అడగొచ్చు. ఈ జాబ్‌లో సగం భయం అక్కడే అనిపిస్తుంది నాకు.

ఫోన్‌కి కూడా ఇలాంటి సీల్ ఉంది, దాని పేరు హ్యాష్. ఫోన్‌ని సిగ్నల్ చొరబడని సంచిలో పెట్టి తెస్తారు, లేకపోతే ఎవరైనా దూరం నుంచే చెరిపేయొచ్చు. డేటా కాపీ తీసి ఎస్‌హెచ్‌ఏ-256 లాంటి పద్ధతిలో ఒక పొడవాటి నంబర్ లెక్కిస్తారు. ఒక్క అక్షరం మారినా నంబర్ మొత్తం మారిపోతుంది. గిట్ వాడేవాళ్లకి కమిట్ హ్యాష్ తెలుసు కదా, అదే ఐడియా. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో ఈ హ్యాష్ కూడా రాయాలి.

అందుకే బెదిరింపు వస్తే చాట్ డిలీట్ చేయొద్దు. స్క్రీన్‌షాట్ తీయండి, కానీ అసలు మెసేజ్ ఫోన్‌లో అలాగే ఉంచండి. నంబర్, లింక్, యూపీఐ ట్రాన్సాక్షన్ ఐడీ రాసిపెట్టుకోండి. డబ్బు పోతే వెంటనే 1930కి కాల్ చేయండి.

మావాడి కేసుకొస్తే, ఎస్సై గారే దారి చెప్పారు. "నీ ఫోన్‌లో పోయాయి సరే, ఆ ఫొటో అందుకున్నవాళ్ల ఫోన్లలో ఉంటుంది కదా." అంటే ఎవరికి తెలియకూడదని వాడు రీసెట్ కొట్టాడో, వాళ్ల దగ్గరికే వెళ్లి అడగాలి. ఇద్దరు ముగ్గురు "ఛీ, అప్పుడే తీసేశాం" అన్నారు. చివరికి వాళ్ల పెదనాన్న ఊరికి వెళ్లాం. బస్సులో వాడు ఒక్క మాట మాట్లాడలేదు. పెదనాన్న మాకు టీ ఇప్పించి, కళ్లజోడు పెట్టుకుని ఫోన్ తీశారు. "డిలీట్ చేయలేదురా, రేపు స్టేషన్‌లో అడుగుతారని తెలుసు. నువ్వెప్పుడు వస్తావా అని చూస్తున్నా" అన్నారు.

పంపిన నంబర్, టైమ్, అన్నీ అందులో ఉన్నాయి. పెదనాన్న ఆ ఫోన్ జేబులో పెట్టుకుని మాతోపాటే బస్సెక్కారు.