పిడికెడు బియ్యమే పెద్ద కానుక
క్రిస్మస్ వేళ మెదక్ పల్లెల్లో దానధర్మాల తీరు

మెదక్: డిసెంబరు నెల వచ్చిందంటే మెదక్ పరిసర పల్లెల్లో ఇళ్ళ ముందు రంగు కాగితాల నక్షత్రాలు వెలుగుతాయి. వానాకాలపు వరి కోతలు ముగిసి వడ్లు ఇంటికి చేరే రోజులవి. బతుకుతెరువు కోసం హైదరాబాదు వెళ్ళినవారు పిల్లాజెల్లలతో సొంత ఊరికి తిరిగివస్తారు. ఇళ్ళకు సున్నాలు, పిల్లలకు కొత్త బట్టలు, రాత్రిపూట ఇంటింటికీ తిరిగే పాటల బృందాలు - ఊరంతా సందడే. అయితే ఈ సందడి వెనుక అంతగా కంటికి కనిపించని పని మరొకటి జరుగుతూ ఉంటుంది. లేనివారి ఇంట కూడా పండుగ పొయ్యి వెలగాలని సంఘంలోని వారు చేసే పని అది.

కరువులో లేచిన గుడి

ఈ జిల్లాలో క్రిస్మస్ అనగానే ఎవరికైనా గుర్తుకు వచ్చేది మెదక్ చర్చి. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆధ్వర్యంలో 1914లో మొదలైన కట్టడం పదేళ్ళపాటు సాగింది. 1924 డిసెంబరు 25న, క్రిస్మస్ నాడే, ఈ దేవాలయాన్ని ప్రతిష్ఠించారు. 2024 క్రిస్మస్‌తో దీనికి నూరేళ్ళు నిండాయి. పండుగనాడు తెల్లవారుజామున జరిగే మొదటి ఆరాధనకు అన్ని వైపుల నుంచి జనం తరలివస్తారు. వారిలో క్రైస్తవేతరులు కూడా పెద్ద సంఖ్యలో ఉండడం విశేషం.

గుడి ఎత్తు గురించి, రంగుటద్దాల కిటికీల గురించి చెప్పుకునేవారు ఎందరో ఉన్నారు. కాని పల్లెల్లోని పెద్దలు మొదట చెప్పే మాట వేరు. తిండిగింజలు దొరకని కరువు రోజుల్లో చేయి చాచి అడుక్కునే అవసరం లేకుండా, ఈ కట్టడం పనిలో పెట్టి జనానికి తిండి దొరికేలా చేశారన్నది తరతరాలుగా వస్తున్న మాట. రాళ్ళు మోసిన చేతులకు బువ్వ దొరికింది, తీసుకున్నవారి తల వంగలేదు. దానం ఎలా చేయాలో ఈ గుడి గోడలే చెబుతున్నాయని అనుకోవచ్చు.

పిడికిలి లెక్క

ఇవ్వడం దొరలకు, ధనవంతులకు మాత్రమే చెందిన పని కాదని తెలుగు సంఘాలు ఏనాడో చేసి చూపాయి. 1912లో డోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్.అజరయ్య గారు పేద సంఘాలు సైతం పరాయివారిపై ఆధారపడకుండా ఇచ్చే అలవాటు నేర్చుకోవాలని బోధించారు. క్రైస్తవ దానం గురించి ఆయన పుస్తకమే రాశారు.

ఆ అలవాటుకు గుర్తు పిడికెడు బియ్యం. ఇల్లాలు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ డబ్బాను గుడికి తెచ్చి సంఘం బస్తాలో పోస్తుంది. దూరాన ఉన్న మిజోరాంలోనూ క్రైస్తవ స్త్రీలు ఇదే పద్ధతిని 1910లో ప్రారంభించి నేటికీ కొనసాగిస్తున్నారు.

పిడికెడు బియ్యంతో ఏమవుతుందని కొందరు అనవచ్చు. లెక్క వేసి చూద్దాం. పిడికెడు 50 గ్రాములు అనుకుంటే, రెండు పూటలకు 100 గ్రాములు. నెలకు 3 కిలోలు. 40 గడపలున్న సంఘంలో నెలకు 120 కిలోలు. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా నాలుగు నెలల్లో దాదాపు 5 క్వింటాళ్ళు! ఏ ఇంట్లోనూ అన్నం తక్కువ కాలేదు, ఎవరూ అప్పు చేయలేదు. విధవరాలు వేసిన రెండు కాసులను యేసు ప్రభువు ఎందుకు మెచ్చుకున్నాడో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

కోడిగుడ్డుకు వేలం

కోతల తర్వాత జరిగే కృతజ్ఞతా పండుగలో ఎవరికి పండింది వారు గుడికి తెస్తారు. కొత్త వడ్లు, మొక్కజొన్న కంకులు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు బలిపీఠం ముందు చేరతాయి. ఆరాధన ముగిశాక వాటిని వేలం వేస్తారు. బజారులో కొన్ని రూపాయలకు దొరికే కోడిగుడ్డు ఇక్కడ వందలు పలకడం కద్దు. కొన్నవారు దాన్ని మళ్ళీ గుడికే ఇచ్చేస్తారు, మళ్ళీ పాట మొదలవుతుంది. నవ్వులాటగా జరిగే ఈ వేలంలో గుడ్డు తెచ్చిన పేదరాలి కానుక, వెయ్యి రూపాయలు ఇచ్చినవారి కానుకతో సమానమవుతుంది. ఇది గమనించదగిన విషయం.

మతం అడ్డురాని చేతులు

మన పొరుగున నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల కోసం డాక్టర్ ఇసాబెల్ కెర్ ఆస్పత్రి నడిపినప్పుడు, హిందువైన నర్సాగౌడ్ గారు పెద్ద విరాళమిచ్చి ఆదుకున్నారు. క్రైస్తవుల ఆస్పత్రి అని ఆయన వెనుకాడలేదు, హిందువు సొమ్మని వారు కాదనలేదు. పల్లెల్లో నేటికీ ఆ మర్యాద ఉంది. క్రిస్మస్ నాడు పిండివంటల గిన్నె గోడ దాటి పొరుగింటికి వెళుతుంది, బతుకమ్మ నాటి సద్దులు, రంజాన్ నాటి సేమియా ఇటు వస్తాయి.

అవసరం మారింది

కాలం మారిన సంగతి కూడా ఒప్పుకోవాలి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చినప్పటి నుంచి ఆకలి తీరు మారింది. 2025 ఉగాది నాడు తెలంగాణలో రేషన్ కార్డుపై మనిషికి 6 కిలోల సన్నబియ్యం పథకం ప్రారంభమైంది. కాబట్టి ఇక పిడికెడు బియ్యం ఎందుకనే ప్రశ్న రావడం సహజం.

కాని పేదింటి కష్టం అన్నంతోనే తీరదు. బీపీ, షుగరు మందులు, దవాఖానకు పోయే బస్సు చార్జీ, పిల్లల పుస్తకాలు, చావు జరిగిన ఇంట ఆనాటి ఖర్చు - వీటికి రొక్కం కావాలి. అందుచేత సొంత పొలంలో పండిన బియ్యాన్ని సంఘంలోనే వేలం వేసి, వచ్చిన డబ్బును ఈ అవసరాలకు నిలవ ఉంచవచ్చు. రేషన్ బియ్యం అమ్మడం నేరం గనుక, అవి కలిస్తే వేరుగా ఉంచి, వండుకోలేని ముసలివారికి వండి పెట్టడానికే వాడుకోవాలి.

ఫొటోల దుప్పట్లు

ఇటీవల మరొక ధోరణి కనిపిస్తున్నది. పండుగకు వారం ముందు దుప్పట్లు, చీరెలు పంచడం, తీసుకునే అవ్వను మధ్యలో నిలబెట్టి పదిమంది ఫొటో దిగడం, అది సాయంత్రానికల్లా సెల్‌ఫోన్లలో తిరగడం! చలికి దుప్పటి అవసరమే, ఇచ్చినవారికి పుణ్యమే. అయితే ఊరందరి ఎదుట బీదరాలినని చూపించుకుని తీసుకోవలసి వచ్చిన ఆ తల్లి మనసు కూడా ఆలోచించాలి. కుడిచేయి చేసే దానం ఎడమచేతికి తెలియరాదన్న బోధ ఉన్న మతంలోనే ఇలా జరగడం విచారకరం. పిడికెడు బియ్యంలో ఆ ఇబ్బంది లేదు. బస్తాలో పడ్డాక ఎవరి పిడికిలి ఏదో ఎవరికీ తెలియదు.

లెక్క చెప్పడం మరో ముఖ్య విషయం. ఎంత వచ్చింది, ఏ అవసరానికి ఎంత పోయింది అన్నది సంఘ పెద్దలు ఏటా ఆరాధన తర్వాత చదివి వినిపించాలి. సాయం పొందినవారి పేర్లు మాత్రం చదవనక్కరలేదు. లెక్క సరిగా ఉన్నచోట ఇచ్చే చేయి ముడుచుకోదు.

జనవరి తర్వాత?

డిసెంబరులో దానం పొంగి పొర్లుతుంది. నక్షత్రాలు దించి అటక మీద పెట్టిన మరునాటి నుంచి చల్లబడుతుంది. నిజానికి ఒంటరి ముసలివారికి గడ్డురోజులు వచ్చేది అప్పుడే. కొడుకులు తిరిగి పట్నం పోతారు. ఎండలు ముదిరితే ఊళ్ళో కూలిపనులు తగ్గుతాయి. అందుచేత బియ్యం డబ్బాను నక్షత్రంతో పాటు దించివేయకుండా పొయ్యి పక్కనే ఏడాది పొడుగునా ఉంచవలసిన అవసరం ఎంతైనా ఉంది. ఇది క్రైస్తవ సంఘాలకే చెప్పే మాట కాదు. భజన మండలి అయినా, మసీదు కమిటీ అయినా, యువజన సంఘమైనా 40 గడపలు కలిస్తే చేయగలిగిన పని ఇది. ఈ పండుగ నాటి నుంచే ప్రతి ఊళ్ళోనూ ఒక డబ్బా మొదలుపెడితే, వచ్చే ఎండాకాలం నాటికి ఏ అవ్వా మందుల కోసం ఎవరి గడప ముందూ నిలబడవలసిన పని ఉండదు.