నోటిలో పులిపిర్లు: ఏ పరీక్ష, ఎక్కడ?

పిల్లల కింది పెదవి లోపల, బుగ్గ లోపల, నాలుక అంచున చిన్న చిన్న మెత్తని బుడిపెలు కనబడితే తల్లిదండ్రులు కంగారుపడతారు. ఈ బుడిపెలకు నొప్పి ఉండదు, రక్తం కారదు. రంగు కూడా నోటి లోపలి పొర రంగే. పెదవిని లాగి పట్టుకుంటే చాలావరకు చదునైపోతాయి. ఇలాంటి లక్షణాలుండే వాటిలో హెక్ వ్యాధి ఒకటి.

అమెరికాలోని ఆదివాసీ పిల్లలలో ఈ వ్యాధిని గుర్తించి, 1965లో వైద్యులు వివరంగా రాశారు. వారిలో ఒకరి పేరే దీనికి వచ్చింది. మన దేశంలో ఇది అరుదు. హెచ్.పి.వి. అనే వైరస్‌లో 13, 32 రకాల వలన ఇది వస్తుంది. ఎంగిలి ద్వారా పాకుతుందని భావిస్తారు. అందుకే ఒక్కోసారి ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి కనబడుతుంది.

హెచ్.పి.వి. అనగానే చాలామందికి క్యాన్సర్ గుర్తుకొస్తుంది. క్యాన్సర్‌కు ముఖ్య కారణాలు 16, 18 రకాలు. 13, 32 రకాలు వేరు, ఇవి హాని చేయనివి. ఇది సుఖవ్యాధి కాదు. కాబట్టి పిల్లవాడినిగాని, ఇంట్లో మరెవరినిగాని అనుమానించవద్దు.

ఏ పరీక్ష చేయించాలి?

దీనికి రక్తపరీక్ష లేదు. ముందు దంతవైద్యునికి చూపించండి. సందేహం ఉంటే ఆయన మత్తు ఇంజక్షన్ ఇచ్చి చిన్న ముక్క తీస్తారు. దీనినే బయాప్సీ అంటారు. ఆ ముక్కను పాథాలజీ డాక్టరు మైక్రోస్కోపు కింద పరీక్షించి రిపోర్టు ఇస్తారు. వైరస్ ఏ రకమో చెప్పే పి.సి.ఆర్. పరీక్ష పెద్ద ల్యాబులలోనే ఉంటుంది. దానివల్ల వైద్యం సాధారణంగా మారదు. కాబట్టి దానికోసం అప్పు చేయవద్దు.

ఎక్కడ?

దూరం వెళ్ళవలసింది ముక్కే గాని రోగి కాదు. ముక్కను మీ ఊరికి దగ్గరలోనే తీయించి, 10 శాతం ఫార్మలిన్ ఉన్న సీసాలో వేసి పాథాలజీ ల్యాబుకు పంపవచ్చు. నీళ్ళలోగాని, సెలైన్‌లోగాని వేస్తే ముక్క పాడవుతుంది. సీసాపై పేరు, వయసు, తేదీ, ముక్క తీసిన చోటు రాసి ఉన్నాయో లేదో చూసుకోండి. మెడికల్ కాలేజీ ఆసుపత్రులలో పాథాలజీ విభాగం ఉంటుంది. హైదరాబాదు, విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి.

హెక్ వ్యాధి అని తేలితే చాలామందికి మందు అవసరం లేదు. కొన్ని నెలలలో, ఒక్కోసారి కొన్ని సంవత్సరాలలో అవే తగ్గిపోతాయి. నమలడానికి అడ్డువస్తే తీసివేయవచ్చు. అంతేగాని దారంతో బిగించడం, సున్నంగాని, యాసిడ్‌గాని పూయడం చేయవద్దు. బుడిపెలు ఉన్నంతకాలం గ్లాసు, చెంచా, టూత్ బ్రష్ వేరుగా ఉంచండి.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ, గట్టిపడిన గడ్డ, నోరు తెరవలేకపోవడం వంటివి ఉంటే వెంటనే రండి. గుట్కా, ఖైనీ, చుట్ట వాడేవారు, ముఖ్యంగా అడ్డపొగ తాగేవారు, నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. నోటి క్యాన్సర్ కూడా మొదట్లో చాలాసార్లు నొప్పి పెట్టదు.

రిపోర్టును జాగ్రత్తగా దాచుకోండి. మళ్ళీ బుడిపె వచ్చినప్పుడు పాత రిపోర్టు వెంట తెస్తే డాక్టరుకు పని సులువవుతుంది.