బరువులెత్తితే అమ్మాయిలు పహిల్వాన్లలా అయిపోతారా?

"బరువులు ఎత్తకే, మగరాయుడిలా తయారవుతావ్!" నర్సీపట్నంలో జిమ్‌కు బయల్దేరిన అమ్మాయికి ఇంట్లో ఈ మాట ఎదురుకావచ్చు. నిజంగా అలా అవుతుందా? అంత తేలిగ్గా అవదు.

ఎందుకు? కండ బాగా పెరగడానికి తోడ్పడే హార్మోన్ టెస్టోస్టిరాన్. ఇది పెద్దవాళ్లలో ఆడవారికంటే మగవారికి పది రెట్లకు పైగా ఉంటుంది. పైగా కండలు తిరగాలంటే ఏళ్ల సాధన, దానికి తగ్గ తిండి కావాలి.

మరి ఒళ్లు లావెక్కకుండా బలం ఎలా వస్తుంది? కండలో సన్నని పోగులు బోలెడు. సాధన చేసేకొద్దీ మెదడు, నరాలు ఒకేసారి ఎక్కువ పోగుల్ని పనిలోకి దించడం నేర్చుకుంటాయి. అందుకే మొదటి వారాల్లో ఆకారం మారకపోయినా ఎత్తగలిగే బరువు పెరుగుతుంది. ఎముకలూ క్రమంగా గట్టిపడతాయి.

మన ఉత్తరాంధ్ర ఆడపడుచు, శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల శరీర బరువు విభాగంలో స్నాచ్‌లో (ఒకే ఊపులో తలపైకి) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి) 130 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమే. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మరో భారతీయ లిఫ్టర్ మీరాబాయి చాను 49 కిలోల విభాగంలో ఉండి 115 కిలోలు తలపైకి లేపారు!

మీరూ మొదలుపెడతారా? కోచ్ దగ్గర, తేలిక బరువుతో మొదలుపెట్టండి. పద్ధతి కుదిరాకే బరువు పెంచండి.