చీటీ అక్కర్లేని మందులకు జాబితా ఏదీ?

డాక్టరు చీటీ లేకుండా ఏయే మందులు కొనుక్కోవచ్చో చెప్పే జాబితా మన చట్టంలో లేదు. 1945 నాటి ఔషధ నిబంధనల్లో చీటీ మీదే అమ్మాల్సినవి షెడ్యూల్ హెచ్, హెచ్1, ఎక్స్‌ల కింద ఉన్నాయి. అక్కడికెక్కనివన్నీ చీటీ లేకుండానే అమ్ముడవుతున్నాయి. షెడ్యూల్ కె కొన్ని ఇంటి మందులను లైసెన్సు లేకుండా అమ్ముకోనిచ్చినా, అది వెయ్యిలోపు జనాభా ఉన్న పల్లెల కోసం. మాదాపూర్‌కూ గచ్చిబౌలికీ అది పనికిరాదు.

2022 మేలో కేంద్రం ఒక ముసాయిదా తెచ్చింది. పారాసెటమాల్ 500, పొవిడోన్ అయోడిన్ వంటి 16 మందులను చీటీ లేకుండా అమ్మొచ్చు, ప్యాక్ 5 రోజులకు మించకూడదు, తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి అన్నది దాని సారం. స్పష్టమైన విధానం కావాలని పరిశ్రమ ఎప్పటినుంచో అడుగుతోంది. చిన్న జ్వరానికి క్లినిక్ చుట్టూ తిరగక్కర్లేదన్నది వాళ్ల మాట. మందులు కిరాణా కొట్లకెక్కితే నిల్వకూ నకిలీకీ జవాబుదారీ ఎవరని మందుల షాపుల అఖిల భారత సంఘం వ్యతిరేకిస్తోంది. రెండు వాదనల్లోనూ పస ఉంది. కానీ ఇద్దరూ ఎక్కడ అమ్మాలన్న దగ్గరే ఆగిపోతున్నారు. కొనేవాడిని ఒక్క ప్రశ్న అడిగే మనిషి కౌంటర్ వెనక ఉన్నాడా లేడా అన్నదే నాకు ముఖ్యం.

కొండాపూర్ హాస్టల్లో జ్వరంతో పడుకున్న కుర్రాడు 650 మిల్లీగ్రాముల పారాసెటమాల్ బిళ్ల రోజుకు నాలుగుసార్లు వేసుకున్నాడనుకుందాం. అది 2600. ముక్కు కారుతోందని జలుబు బిళ్ల మూడుసార్లు వేశాడు. అందులోనూ ఒక్కోదానికి 500 పారాసెటమాల్ ఉంటుంది. మొత్తం 4100. పెద్దవాళ్లకు రోజుకు 4000 దాటకూడదు, దాటితే దెబ్బ కాలేయానికి. జలుబు బిళ్లలోని క్లోర్‌ఫెనిరమిన్ మత్తు తెస్తుంది, అది వేసుకుని నైట్ షిఫ్టుకు బండి నడిపేవాళ్లున్నారు. ఈ వివరాలన్నీ స్ట్రిప్ వెనక చీమ తలకాయంత ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటాయి.

బ్రిటన్‌లో 1998లో మామూలు కొట్లలో పారాసెటమాల్ ప్యాక్‌ను 16 బిళ్లలకు, మందుల షాపుల్లో 32కు కుదించారు. ఆ తర్వాతి పదకొండేళ్లలో ఆ మందు వల్ల చావులు దాదాపు 43 శాతం తగ్గాయని పరిశోధకులు లెక్కగట్టారు. అమ్మకం ఆగలేదు, చేతికందే మోతాదు తగ్గిందంతే.

మన దగ్గర ఆన్‌లైన్ మందుల షాపుల నిబంధనలు 2018లో ముసాయిదాగా వచ్చి అక్కడే ఆగాయి. ఈలోగా సైబరాబాద్‌లో మందులు ఫోన్‌లో నొక్కితే గుమ్మంలోకొస్తున్నాయి. రెండు జ్వరం మందులు ఒకే ఆర్డర్‌లో పడితే యాప్ ఆపి అడగాలి. పారాసెటమాల్ మోతాదును ప్యాక్ ముందువైపు తెలుగులో పెద్దక్షరాలతో వేయించాలి. ముసాయిదాలను నిబంధనలుగా మార్చేటప్పుడు ఈ రెండూ వాటిలో చేర్చాలి. గోడకు సర్టిఫికెట్ వేలాడుతూ ఫార్మసిస్టు లేని షాపు మీ వీధిలో ఉంటే, తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ టోల్‌ఫ్రీ నంబరు 1800-599-6969కు ఫోన్ చేయొచ్చు.